మేస్టారికి వ్యతిరేకంగా ఎత్తిన చెయ్యి

మా సండే స్కూలు మేస్టారు పోయారు. మంగళవారం పొద్దున సోనారి బజారులో కూరలు కొంటుంటే ఆయన మనవరాలు ఫోన్ చేసి, "ఆంటీ, తాత నహీ రహే" అంది. ఏమైందే అని నేను తెలుగులో అడిగితే, టీ తాగి పడుకున్నారనీ మళ్లీ లేవలేదనీ హిందీలో చెప్పింది. ఏరిన బెండకాయలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. ఏడుపు జుగ్సలాయిలో ఆయన ఇంటికి చేరాక వచ్చింది. దారి పొడుగునా మాత్రం, ఇకమీదట సందేహం వస్తే ఎవర్ని అడగాలి అన్నదే నా ఆలోచన.

ఆయన బడి మేస్టారు కారు. టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆదివారాలు మా తెలుగు బాప్టిస్టు సంఘంలో పిల్లలకు పాఠం చెప్పేవారు. ఇక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది హిందువులు, వాళ్ల లెక్కలో మేమంతా ఒకటే, చర్చివాళ్లం. లోపల మాకెన్ని తేడాలున్నాయో తెలిస్తే నవ్వుకుంటారు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం, నమ్మినవాళ్లనే నీళ్లలో పూర్తిగా ముంచుతాం. అంతవరకు బాప్టిస్టులందరిదీ ఒకే మాట. ఆ నమ్మకం ఎవరివల్ల కలిగిందన్న దగ్గరే పేచీ. క్రీస్తు అందరి కోసం చనిపోయాడు, ఎవరు రావాలనుకుంటే వాళ్లు రావచ్చు అంటుంది మా సంఘం. లోకం పుట్టకముందే దేవుడు తనవాళ్లను ఎంచుకున్నాడు, వాళ్లే నమ్ముతారు అంటుంది కాల్వినిజం. అలా చెప్పే బాప్టిస్టు సంఘాలూ ఉన్నాయి. మా దాంట్లో మాత్రం అది నమ్మినవారు మేస్టారొక్కరే.

ఆ సంగతి బయటపడింది నా వల్ల. పదిహేనేళ్లప్పుడు క్లాసులో లేచి, "మేస్టారూ, నేను నమ్మేనా, దేవుడే నన్ను నమ్మించేడా?" అని అడిగాను. వేరొకరైతే కూర్చోమనేవారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "పెద్ద ప్రశ్నే అడిగేవు. మన సంఘం చెప్పేదొకటి, నాకు తోచిందొకటి. రెండూ చెప్తాను, ఇను" అన్నారు. ఏ వైపూ తగ్గించకుండా రెండూ చెప్పారు. నేను ఇంటికెళ్లి రెండోదొక్కటే చెప్పాను, అదే కొత్తగా ఉంది కనక.

అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా నాన్న కాంట్రాక్టు పనులు చేసి చేసి, ఒక్కనాడూ చర్చి గడప తొక్కకుండానే అంతకు రెండేళ్ల ముందు పోయారు.

"అయితే మీ నాన్నని దేవుడు ఒగ్గీసినట్టేనా? ఏటి చెప్తన్నాడు ఆ మేస్టారు మీకు?" అంది.

ఆ ఆదివారానికే మాట పెద్దల చెవిన పడింది.

కొన్నాళ్లకు నేను బాప్తిస్మం తీసుకున్నాను. మాకు బిషప్పులు ఉండరు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివారికీ ఓటు ఉంటుంది, ఏ నిర్ణయమైనా సంఘమంతా కూర్చుని చేతులెత్తి తేల్చుకోవాల్సిందే. నేను మొదటిసారి కూర్చున్న సమావేశంలో, మేస్టారి చేత పాఠం మాన్పించాలా వద్దా అన్నదే విషయం. ఆయన ముందు వరసలో ఉన్నారు. మాన్పించాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. అమ్మ ఎత్తింది. మోచేత్తో నన్ను పొడిచి, "ఎత్తవే" అంది. ఎత్తాను. అప్పుడే మేస్టారు వెనక్కి తిరిగి చూశారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే నా పక్కకు వచ్చారు.

"నీకు అలాగే తోచి ఎత్తేవా?"

"లేదు మేస్టారూ. అమ్మ ఎత్తమంది."

"నన్ను తీసీమన్నందుకు నాకేటీ లేదు. నీ ఓటు మీ అమ్మ చేత ఏయించీడమేటి? దేవుడి ముందు ఎవుడి మట్టుకు ఆడే నిలబడాలనే గదేటి మనోలు బాప్టిస్టులైంది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఎందుకో తెలీదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేదేమో.

కాల్వినిజం చెప్పే సంఘంవాళ్లు తమ దగ్గరికి వచ్చేయమని ఆయన్ని పిలిచారట. వెళ్లలేదు. "అందరూ నాలాగే అనుకునే చోట నాకేటి పని?" అనేవారు. పాఠం పోయాక కూడా ప్రతి ఆదివారం అందరికన్నా ముందే వచ్చి చాపలు పరిచేవారు, బాప్తిస్మాలున్నప్పుడు తొట్టి కడిగి నీళ్లు పట్టేవారు. ఎంపిక అంతా ముందే అయిపోతే ఈ చాకిరీ ఎందుకని నాకు విచిత్రంగా ఉండేది. జుగ్సలాయిలో ఆయన ఇంటి పక్క గోదాము మార్వాడీ కూడా ఓసారి, మీ దేవుడి లిస్టులో నేనున్నానా అని ఆటపట్టించాడట.

"మరేం చెప్పారు?" అన్నాను.

"లిస్టు నాకు చూపించలేదు భాయ్, అందుకే అందరికీ చెప్తన్నాను అన్నాను. ఠీక్ హై అని టీ ఇప్పించేడు."

నా పెళ్లయ్యాక కూడా ఆయన దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. రక్షణ ఒకసారి దొరికాక పోతుందా, వేరే సంఘంవాళ్లు మా ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవచ్చా, ఇలా ఏదో ఒకటి అడిగేదాన్ని. నాన్న సంగతి మాత్రం ఎత్తేదాన్ని కాదు. ఏం చెప్తారోనని భయం. ఆ ఓటు సంగతీ ఎత్తేదాన్ని కాదు.

పోయిన నెల వెళ్లినప్పుడు మనిషి బాగా చిక్కిపోయి మంచం మీద ఉన్నారు. ఇక ఆగలేకపోయాను.

"మేస్టారూ, ఆరోజు ఆలోచించకుండా చెయ్యెత్తీసేను. తప్పే. కానీ ఇన్నేళ్లూ ఆలోచించేను, ఇప్పటికీ మీతో ఒప్పుకోలేను. మా నాన్నని దేవుడు ముందే ఒగ్గీసేడంటే నేను నమ్మను."

నొచ్చుకుంటారనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదీ ఓటంటే" అని, లేపి కూర్చోబెట్టమని చెయ్యి చాచారు. దిండు కింద నుంచి ఓ లావుపాటి నోటుపుస్తకం తీశారు. ఎడమ పేజీల్లో ఆయన నమ్మినవి, కుడి పేజీల్లో వాటికి ఎదురుగా ఇతరులు చెప్పినవి, ఎవరు చెప్పారో పేర్లతో సహా. కుడి పేజీలే ఎక్కువ నిండి ఉన్నాయి.

ఖాళీ కుడి పేజీ ఒకటి వెతికి పైన నా పేరు రాశారు. పెన్ను సరిగా పడకపోతే అంచున రెండు గీతలు గీసి చూశారు. పుస్తకం మోకాళ్ల మీద సర్దుకుని, వినబడే చెవి నావైపు తిప్పి, "మీ నాన్న గురించి మొదట్నించీ చెప్పు. నిదానంగా చెప్పు, రాసుకోవాలి" అన్నారు.