రెండు సీట్ల కారు చరిత్ర

ఉద్యోగం ఎందుకు పోయిందని తెగ అడుగుతున్నారు కదా, చెప్తాను, ముందు టీ తాగండి. ఒక్క మాట వల్ల పోయింది. అదీ నేను ఏళ్ల తరబడి బట్టీపట్టిన మాట.

ఢిల్లీలో మునిర్కాలో గది తీసుకుని సివిల్స్ చదివానా, తెలుగు మీడియం, ఆప్షనల్ చరిత్ర. అటెంప్టులన్నీ అయిపోయాయి. కలెక్టర్ని కాలేక, కలెక్టర్లకి కార్లమ్మే పనిలో పడ్డాను. ఈ కలెక్టర్లు వేరేలెండి, పాతకాలం కార్లు పోగేసే డబ్బున్న బాబులు. ఆఫీసు సాకేత్‌లో. "ఈ డీల్ క్లోజ్ చేస్తే పర్మనెంట్, లేదంటే టాటా" అన్నాడు బాస్.

డీల్ ఏంటంటే, విలాయతీ స్పోర్ట్స్ కారు. ముదురు ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు. దేశంలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. ఓనరు ఈమధ్యే పోయాడు, భార్య అమ్మేస్తోంది. ఇలాంటి కార్లకి ఇంజన్ కంటే వెనకున్న కథ ముఖ్యం. ఎవరు కొన్నారు, ఎక్కడెక్కడ తిరిగింది, అవన్నీ కావాలి. అందుకని ముందురోజే ఆవిడ ఇంటికెళ్లి నా హిందీలో చెప్పాను.

"ఆంటీజీ, రేపు కొనేవాళ్లొస్తారు. సర్ కా చరిత్ర సబ్ బతాయియే."

ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "అంతా చెప్పాలా బేటా? బయటివాళ్ల ముందు?"

"ఏదీ దాచొద్దు ఆంటీజీ. చరిత్ర ఎంతుంటే రేటు అంత."

"ఠీక్ హై" అంది చిన్నగా.

మర్నాడు గుర్గావ్ నుంచి కలెక్టరు భార్యతో సహా వచ్చాడు. కారు చూసి మురిసిపోయాడు. ఆంటీ చాయ్ పోసి మొదలెట్టింది. తన భర్త ఎలాంటివాడో చెప్పింది. ఆ రెండో సీట్లో తను ఒక్కసారీ కూర్చోలేదట. కూర్చున్నది ఆయన స్నేహితుడి భార్యట. "నా బిడ్డ కడుపులోనే పోయిన రోజు నేను ఆటోలో ఆస్పత్రికెళ్లాను. ఈ కారు ముస్సోరీలో ఉంది" అంది.

ఇదంతా ఎందుకు చెప్తోందో నాకు అర్థం కాలేదు. ఆవిడేమో మధ్యమధ్యలో నావైపు తిరిగి "ఠీక్ బోల్ రహీ హూఁ నా, బేటా?" అంటోంది, సరిగ్గానే చెప్తున్నానా అని. నేను తలూపుతున్నాను, వెధవని.

కలెక్టరు భార్య కప్పు కింద పెట్టేసింది. "ఆ సీట్లో నేను కూర్చోను" అని లేచింది. వెనకాలే ఆయనా లేచాడు.

బాస్ విని తల పట్టుకున్నాడు. "హిందీలో చరిత్ర్ అంటే క్యారెక్టర్‌రా నాయనా! హిస్టరీని ఇతిహాస్ అనాలి" అన్నాడు. నాకా మాట తెలియక కాదు. మనకి ఇతిహాసం అంటే రాములవారి కథ కదా, కారుకి అదెందుకులే అనుకున్నాను. ఆయన ఇంకేం వినలేదు, పొమ్మన్నాడు.

ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ ముసలావిడ చేత అదంతా పదిమందిలో చెప్పించినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడుగుదామని వెళ్లాను. ఆవిడ ఒక్క మాటా అననివ్వలేదు.

"ఇన్నేళ్లలో నన్ను అడిగినవాడివి నువ్వొక్కడివే బేటా. కూర్చో" అంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ఎలాగూ ఖాళీయే కదా. ఆవిడ చెప్తుంది, ఏడుస్తుంది, మళ్లీ చెప్తుంది. నేను అచ్ఛా, అచ్ఛా అంటూ వింటాను. సగం మాటలు నాకు అర్థం కావు. అర్థమేంటని అడిగే ధైర్యం మాత్రం ఈ జన్మలో లేదు.