గుండు నెర్రెల్లో సిమెంటు

మా ఊరి చెరువు నడుమ ఒక పెద్ద రాతి గుండు ఉంది. బచ్చన్నపేట వైపు చెరువులు నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే పగుళ్లిచ్చేవి. అప్పుడు ఆ గుండు దాకా చెప్పులేసుకుని నడిచిపోయేవాళ్లం. కాలువ నీళ్లు వచ్చాక చెరువు ఎండటం మానేసింది. ఇప్పుడది అచ్చంగా ద్వీపమే, థర్మాకోల్ తెప్ప మీద తప్ప పోలేం.

ఆ గుండు నెర్రెల్లో బల్లులున్నాయి. ఇంటి గోడ మీద ట్యూబులైటు చుట్టూ తిరిగేవి కావు. ఒంటినిండా నల్ల పట్టీలు, రెప్పల్లేని బంగారు రంగు కళ్లు. వాటి కోసం చుట్టుపక్కల గుట్టలన్నీ వెతికాను, బయ్యారం దాకా పోయి రాళ్లు తడిమాను. అలాంటివి నాకు మరెక్కడా కనపడలేదు. జనగామలో బడిపిల్లలకు సైన్సు చెప్పే నేను, మూడేళ్లుగా ఆదివారమైతే చాలు ఊరికొచ్చి ఆ గుండెక్కుతున్నాను.

"అందరు కోళ్లు పెంచుతరు, నా బిడ్డ బల్లులు పెంచుతది" అని బాపు ఊరంతా చెప్పి నవ్వేవాడు. నవ్వుతూనే తెప్ప మీద నన్ను దింపేవాడు, పొద్దుగూకాక అవి బండ మీద తిరుగుతుంటే నాతో కూర్చుని చూసేవాడు కూడా.

పోయిన నెల ఒక నెర్రెలో చెయ్యి పెడితే తేలు కుట్టింది. బాపు నన్ను ఒడ్డుకు చేర్చి, బండి మీద దవాఖానకు తీసుకుపోయి, దారి పొడుగునా తిట్టాడు. తిట్లతో అయిపోయిందనుకున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను వచ్చేసరికి ఒడ్డు మీద తాపీ కడుగుతూ కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"దా బిడ్డా, నీకొకటి చూపెడ్త" అని తెప్ప తోశాడు.

గుండు దగ్గరికి రాగానే బూడిదరంగు గీతలు కనపడ్డాయి. ఎక్కి చూస్తే, నెర్రెలు వరసగా పూడ్చేసి ఉన్నాయి. కొట్టం కట్టగా మిగిలిన సిమెంటును ఎంత నున్నగా మెత్తాడంటే, వేలు పెట్టడానికి సందు లేదు.

"ఇగ తేళ్లకు జాగ లేదు" అన్నాడు.

ఆ గీతల వెంట చేత్తో తడుముకుంటూ పోయాను. "బల్లులేవి బాపూ?" అన్నాను.

"గంత తెల్వనోన్నా? పొద్దుగాల వచ్చి మంచిగ చూసిన. బండ మీద ఒక్కటి గూడ లేదు, అన్ని మేతకు పోయినయ్. గప్పుడే పూడ్చిన. పొద్దూకి మల్లొస్తే పండనీకి గా పెద్ద సందు ఇడిసిన, సూడు."

బాపు బతుకంతా బర్రెలతోనే గడిచింది. పొద్దున అవి మేతకు పోయాక కొట్టం ఊడ్చి కడుగుతాడు, చీకటి పడే వేళకు అవి వచ్చి కట్టుకొయ్యల దగ్గర నిలబడతాయి. లోకంలో ఏ జీవమైనా అంతే అనుకున్నాడు.

"పగలు గా నెర్రెలల్లనే పంటయ్ బాపూ! అన్ని అండ్లనే ఉన్నయ్! నిన్నెవరు చెయ్యమన్నరు?" అని అరిచాను. ఆయన మీద గొంతెత్తడం నా ఎరుకలో అదే మొదటిసారి.

బాపు నా మొహంలోకి చూశాడు. తరువాత మోకాళ్ల మీద కూలబడి, ఉత్త చేతులతో సిమెంటు గీకడం మొదలుపెట్టాడు.

నీడ వైపు ఇంకా పచ్చిగానే ఉంది. మొదటి నెర్రె తెరవగానే ఒక బల్లి సిమెంటు పూసుకున్న ఒంటితో నా మణికట్టు మీదుగా దూకి పారిపోయింది. ఇంకో రెండు వచ్చాయి. ఎండ వైపు మాత్రం గట్టిపడిపోయింది. రాతిముక్కతో కొట్టి పెళ్లలు లేపితే, ఒకదాని కింద మరొకటి అంటుకుని రెండు చచ్చి ఉన్నాయి. ఊళ్లో ఎవరడిగినా ఈ బల్లుల గురించి గంటలు గంటలు చెప్పాను. పక్కన కూర్చున్న బాపుకు, పగలు ఇవి ఎక్కడ పడుకుంటాయో చెప్పాలని ఒక్కనాడూ తోచలేదు.

"బిడ్డా" అన్నాడు బాపు.

ఆయన చేతిలో ఒక సిమెంటు పెళ్ల ఉంది. దాని అడుగున రెండు తెల్లటి గుడ్లు, రాతి నుంచి ఊడి సిమెంటుకు అంటుకుని వచ్చినవి. ఒకటి సొట్టపోయింది. గోళ్ల దగ్గర నెత్తురు కారుతున్న ఆ వేళ్లతోనే, తాను వదిలిన పెద్ద సందులో ఆ పెళ్లను మెల్లగా పెట్టి, జారకుండా చిన్న రాయి ఆనించాడు.

"గివి బతుకుతయా?"

రాతి నుంచి ఊడిన గుడ్డు బతకదని నాకు తెలుసు.

"బతుకుతయ్ బాపూ" అన్నాను.

బాపు తలూపాడు. కిందికి దిగి దోసిలితో చెరువు నీళ్లు తెచ్చి, వాటికి చల్లగా ఉండాలని ఆ సందు ముందు చల్లాడు. మళ్లీ దిగాడు, మళ్లీ తెచ్చాడు.