ఆయమ్మ పడుకోని పడక

ఆయమ్మ పోయిందని నాకు ఫోనొచ్చేసరికి బస్సు సబ్బవరం దాటింది. చేసింది పక్కింటి అత్త. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతుతో, "గుమ్మం కాడే, సాప మీదే పోయిందే. పొద్దున్న టీ అట్టుకెళ్తే లెగలేదు," అంది. తర్వాత తనే, "నిన్నంతా నీ గోలే. గుంట వొచ్చిందా, ఏటన్నారంట, అని నా పేణం తీసేసింది," అంది.

ఆయమ్మ అడిగి రమ్మన్న మాటకు జవాబు నా దగ్గరుంది. దాన్ని మోసుకునే విశాఖపట్నం నుంచి వస్తున్నాను. బస్సు ముందు చెరకు ట్రాక్టరు ఒకటి దారివ్వకుండా నింపాదిగా పోతోంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఇక తొందరేముందని నాకు నేనే అనుకుని, ఆ మాట అనుకున్నందుకు భయపడ్డాను.

ఆమె మాకు చుట్టం కాదు. చర్చి వెనక మా పేటలో మా గోడకి ఆనుకున్న గోడ వాళ్ళది. మిషన్ హాస్టల్లో ఆయాగా చేసి మానేసింది కాబట్టి పేటంతటికీ ఆయమ్మ. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలి కొడుకుని పెంచింది, అతను పోయాక అతని భార్య ఈమెని చూసుకుంది. ఆవిడనే నేను అత్త అంటాను. ఆయమ్మ మనిషి ఎంత పొట్టంటే, ఆరో తరగతికే నేను ఆమెను మించిపోయాను.

హాస్టలు కన్నా ముందు, ఓణీల వయసులో, ఆమె ఓడెక్కింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, విశాఖలో కొలువు చేసిన దొర ఒకడు పెళ్ళాం పిల్లలతో తన దేశం వెళ్ళిపోతూ, దారిలో పిల్లల్ని చూసుకోవడానికి ఈమెను కూడా తీసుకెళ్ళాడు. బొంబాయి దాకా రైలు, అక్కడి నుంచి ఓడ. ఆ ఓడ మా పేట పిల్లలందరి చిన్నతనంలో ఉంది. ఈస్టరు సెలవుల్లో ఆమె అరుగు మీద చేరి, మేం అసలు సముద్రం చూడకముందే ఫస్టు క్లాసు కేబినులో తిరిగేవాళ్ళం.

"మా కేబిన్లో గోడలన్నీ కర్రే. మొకం సూసుకోవొచ్చు, అంత నునుపు," అని మొదలుపెట్టేది. గుండ్రటి కిటికీ, దానికి ఇత్తడి బిళ్ళ. తిప్పిన వైపు గాలి ఊదే గొట్టం. చేతులు కడుక్కోవడానికి గోడలోకి మడిచేసే తొట్టి. మీద ఒక పడక, కింద ఒక పడక, ఎక్కడానికి బుల్లి నిచ్చెన. మీట నొక్కితే తెల్ల కోటు వేసుకున్న మనిషి వచ్చి "యెస్ మేడమ్" అంటాడు. పొద్దున్నే ఒకడు తలుపు తట్టి, నీళ్ళ గదిలో తొట్టి నిండిందని చెప్పి పోతాడు. అవి కాచిన సముద్రపు నీళ్ళు. ఉప్పు వదిలించుకోవడానికి పక్కనే చిన్న టబ్బులో మంచినీళ్ళు. "సంద్రం మీదున్నా మంచినీలు అంతే ఇచ్చీవోరు. దొరైనా సరే, దొరసానైనా సరే."

ఎర్ర సముద్రం దగ్గరికి వచ్చేసరికి సండే స్కూలు పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఫరో రథాలు కనిపించాయా అని ఎవడో ఒకడు తప్పకుండా అడిగేవాడు. "నీకెందుకురా రథాలు. అక్కడ ఎండకి ఓడ ఓడంతా ఉడికిపోయింది. దొరలూ దొరసాన్లూ పరుపులు పై డెక్కు మీదికి మోయించుకుని, మగోళ్ళు అటూ ఆడోళ్ళు ఇటూ, బల్లల మీద పడుకున్నారు. మోషే నడిసి దాటేడు, నాను పడుకుని దాటేను," అనేది. మేం పడి పడి నవ్వేవాళ్ళం. తనెక్కడ పడుకుందో మాలో ఒక్కరూ అడగలేదు.

మా నాన్న వడ్రంగి. ఆమె కథలకి పేటలో అందరికన్నా పెద్ద భక్తుడు. నేను ఇంటర్లో ఉండగా, పేటవాళ్ళంతా కలిసి ఆయమ్మకి మంచం చేయించాలనుకుంటే, మామూలు మంచం చెయ్యనని మొండికేశాడు. ఆమె అరుగు మీద కూర్చుని ప్రతి కొలతా అడిగాడు. ఓడ ఊగినప్పుడు మనిషి దొర్లి పడకుండా పడక అంచున నిలబెట్టి ఒక పలక ఉంటుందని ఆమె చెబితే, దాన్ని ఎత్తెంతో చేత్తో చూపించమని మళ్ళీ మళ్ళీ అడిగి, అలాంటి అడ్డపలకే పెట్టాడు. తలవైపు దీపానికి చిన్న చట్రం. కింద బట్టలకు సొరుగులు. చోడవరంలో ఓడ పడక! చూడటానికి మాడుగుల నుంచి కూడా మా చుట్టాలు వచ్చారు.

ఆయమ్మ దాని పరుపు మీద తెల్ల దుప్పటి పరిచి, కొసలు బిగించి మడిచి, అరచేత్తో నిమిరింది. రోజూ పరిచేది. రోజూ నిమిరేది. పడుకునేది మాత్రం వీధి గుమ్మానికి అడ్డంగా వేసుకున్న చాప మీద.

"నా మంచం కుట్టిందేటి ఆయమ్మా?" అని నాన్న వేళాకోళంగానే అడిగేవాడు. ఆ వేళాకోళంలో నొప్పి నాకు తెలిసేది.

"సల్లగుంటాదిరా నాయినా గుమ్మం కాడ," అనేది.

గుమ్మానికి అడ్డంగా పడుకోకూడదని పేటలో అనని వాళ్ళు లేరు. ఆమె వినలేదు. లోపలికెళ్ళాలంటే ఆమెని దాటాల్సిందే. పడుకున్న మనిషిని దాటితే ఆ మనిషి ఎదగరని మా వైపు నమ్మకం. దాటినవాళ్ళు మళ్ళీ వెనక్కి దాటితే దోషం పోతుంది. పిల్లలం కావాలని దూకేవాళ్ళం. కళ్ళు మూసుకునే, "దాటేవా? ఇటు దాటు," అనేది. అటూ ఇటూ దూకి, లోపలికెళ్ళిన పనే మర్చిపోయేవాళ్ళం. "ఇంకేటి ఎదుగుతావు ఆయమ్మా" అని అత్త వెక్కిరిస్తే, "ఒకడు బాకీ ఉండిపోయేడే. అందుకే ఇలగుండిపోయేను," అనేది. అది కూడా జోకే అనుకున్నాం.

డిగ్రీ అయ్యాక, హోటల్ పనిలో కోర్సు చేశాక, ఈ ఊళ్ళో నాకు కాలు నిలవలేదు. టూరిస్టు ఓడలో గదులు సర్దే ఉద్యోగం వచ్చింది. ఇంట్లో చెప్పిన రోజు నాన్న చేతిలో చిత్రిక ఆగలేదు. గీస్తూనే అన్నాడు: "ఓడ సంగతి ఈ పేటలో తెలిసింది ఆయమ్మ ఒక్కర్తికే. ఆవిడ ఎల్లమంటే ఎల్లు. వొద్దంటే ఇంక నా కాడ ఆ మాట ఎత్తకు."

గెలిచేశాననుకున్నాను. ఓడని అంతగా ప్రేమించిన మనిషి వద్దని ఎందుకంటుంది?

ఆయమ్మ దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం. చింతపండులో పిక్కలు తీస్తోంది. నా మాటలన్నీ విని, "నిన్నెక్కడ పడుకోబెడతారే?" అంది.

నవ్వాను. "నీలాగే, కేబిన్లో."

"నాను కేబిన్లో పడుకున్నానని నీకెవులు సెప్పేరు?"

"నువ్వే కదా! మా కేబిను, మా కేబిను అని..."

"మా కేబినే. నానే తుడిసేను, నానే సర్దేను. మాది కాకపోతే ఎవుల్ది?" పిక్క ఒకటి తీసి పక్కన పడేసింది. "పాపది మీద పడక. బాబుది కింద పడక. నాది తలుపు కాడ, అడ్డంగా సాప. రేత్రి బాబు లెగిసి బయటికెళ్ళిపోకుండా. టీ తెచ్చినోడు తలుపు తోస్తే నా నడుంకి తగిలీది. అదే నాకు తెల్లారడం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ మాకు ఆ అబద్ధమెందుకు చెప్పావని గట్టిగానే అడిగాను. ఆమె నా అరుపుని పట్టించుకోలేదు. ఆ బాబుకి తెలుగే ముందు వచ్చిందని చెప్పింది. రోజూ పొద్దున్నే ఆమె మీంచి దూకి, ఆమె అనకముందే "దాటేనా? ఇటు దాటుతా" అని వాడే అని వెనక్కి దూకేవాడట. ప్రయాణం చివరి పొద్దున నేల కనిపించిందని ఎవరో కేకేశారు. వాడు ఆమె మీంచి దూకి డెక్కు మీదికి పరిగెత్తాడు. ఆమె పక్కలు మడిచి, మూటలు సర్ది పైకి వచ్చేసరికి వాడు, తీసుకెళ్ళడానికి వచ్చిన బామ్మగారి చెయ్యి పట్టుకుని దిగిపోతున్నాడు.

"మళ్ళీ ఇటు దాటలేదే," అంది. అంతే. ఏడవలేదు.

తిరుగు ప్రయాణానికి దొరసాని అడుగు తరగతి టిక్కెట్టు కొనిచ్చింది. అందులో మాత్రం ఆయమ్మకి సొంత పడక దొరికింది, అడ్డపలకతో సహా. "ఎక్కి పడుకున్నాను. ఎంత దొర్లినా నిద్ర రానేదు. దిగి తలుపు కాడ సాపేసుకున్నాను. ఒళ్ళు తెలీకుండా పడుకుండిపోయేను. కాపలాకి పిల్లడు లేడు, ఏటీ లేడు. ఐనా అక్కడే వొచ్చింది నిద్ర."

అది ప్రేమా? అలవాటా? ఆ వయసులో ఒక మనిషిని నేల మీద పడుకోబెడితే, ఒళ్ళు నేలకి అలా కట్టుబడిపోతుందా? ఆ రోజు నుంచి ఇదే నన్ను తొలుస్తోంది. ఆమెనే అడిగాను. "నీకు పేర్లెట్టాలే అన్నిటికీ," అని విసుక్కుంది.

"సరే, నన్ను వెళ్ళమంటావా, వద్దంటావా?"

"ఎక్కడ పడుకోబెడతారో అడిగిరా, అప్పుడు సెప్తాను. పని సంగతి సెప్పి పడక సంగతి సెప్పనోడితో ఎల్లకు." లేవబోతుంటే చెయ్యి పట్టుకుంది. చింతపండు జిగురు నా మణికట్టుకి అంటింది. "మీ నాన్నకి సెప్పకే. ఎంత ముచ్చటగా సేసేడో."

విశాఖలో ఓడ ఉద్యోగాల ఏజెన్సీ ఆవిడ నా ప్రశ్నకి వింతగా చూసింది. అందరూ ముందు జీతం అడుగుతారట. తర్వాత ఫోనులో ఫోటో చూపించింది. నీటి మట్టానికి కింద గది. ఇద్దరికి ఒకటి. కిటికీ లేదు. ఒకదాని మీద ఒకటి రెండు పడకలు, ఒక్కోదానికి ఒక పరదా, అంచున అడ్డపలక. ఆ పలకని నేను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఇది చెబితే ఆయమ్మ ఏమంటుందో రాత్రంతా స్నేహితురాలి గదిలో ఊహించుకున్నాను. ఎంత ఊహించినా ఆమె నోట అవునూ రాలేదు, కాదూ రాలేదు.

ఇంటికి చేరేసరికి ఆమెను కడిగి, తెల్ల చీర కట్టి, ఆ పడక మీదే వీధి పందిట్లోకి తెచ్చి ఉంచారు. నాన్నే పట్టుబట్టాడట. మా ఇంటి వెనక పెట్టె చేస్తున్నాడు. కొలత ప్రకారం చేస్తే చిన్నపిల్ల పెట్టెలా ఉంటుందని కొంచెం పొడుగు పెంచాడు. పాస్టరు గారు, దొరల ఓడలో పరుపుల మీద పడుకున్న తల్లి ఇవాళ ప్రభువు రొమ్మున పడుకుందని చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు లేచి కాదని అరవాలనిపించింది. అత్త నా వైపు చూసింది. ఆమెకెంత తెలుసో నాకు తెలియదు. గుమ్మంలో చాప ఎవరూ చుట్టలేదు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాన్ని తొక్కకుండా దాటుతూనే ఉన్నారు.

సమాధుల తోట నుంచి వచ్చాక నాన్నా నేనూ పడకని ఎత్తి లోపల పెట్టాం. దుప్పటి మధ్యలో ఆమె పడుకున్న మేర చిన్న పల్లం పడి ఉంది. దాని మీద అంతకుముందు ఒక్క మడత కూడా ఎవరం చూడలేదు.

"ఏటందే ఆయమ్మ?" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా.

ఎల్లమందని చెప్పొచ్చు. కాదనడానికి ఎవరూ లేరు. చెప్పలేకపోయాను. ఆమె వద్దన్నా సరే, అంతా చెప్పేశాను. తలుపు దగ్గరి చాప, దూకి వెళ్ళిపోయిన బాబు, నిద్ర రాని పడక. ఏజెన్సీ ఆవిడ ఫోటో కూడా.

నాన్న అడ్డపలక మీద బొటనవేలు రాస్తూ విన్నాడు. "పడుకోదని తెలుసే. మనిషి ఎక్కి దిగితే పలక అరుగుతాది. కర్ర సెప్తాది. ఎందుకో తెలీలేదు, అంతే." బొటనవేలు పలక చివర ఆగింది. "నీకిచ్చే పడక కూడా ఇలాటిదేనా?"

"ఇలాటిదే."

"ఓపాలి పడుకో."

ఎందుకని అడగలేదు. ఎక్కి ఆ పల్లంలో ఒరిగాను. నాకు పొట్టిదే, మోకాళ్ళు ముడుచుకోవాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు. పడక మీద తల వాల్చగానే అడ్డపలక కళ్ళకి అడ్డొచ్చి నేల కనిపించదు. నేల మీద ఎవరైనా పడుకుని ఉంటే వాళ్ళసలే కనిపించరు. పాపకీ బాబుకీ పొద్దున్న కళ్ళు తెరిస్తే గుండ్రటి కిటికీ కనిపించి ఉంటుంది, మీద నునుపైన కర్ర కనిపించి ఉంటుంది.

నాన్న అడుగుల చప్పుడు గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. చాప గరగరమంది.

"నాన్నా?"

"ఎల్లే రోజున నన్ను దాటుకుని ఎల్లు," అన్నాడు అక్కడి నుంచి. "మళ్ళీ ఇటు దాటాల మరి."

తల కొంచెం ఎత్తి చూశాను. అడ్డపలక మీదుగా, వీధిలోంచి వస్తున్న సాయంత్రపు వెలుతురుకి ఎదురుగా, గుమ్మానికి అడ్డంగా కూర్చున్న నాన్న తల మాత్రం కనిపించింది. తల వాల్చితే అదీ కనిపించలేదు. నేను తల వాల్చలేదు.