జొన్నచేలో దొరికిన కూన

నందిగామ దగ్గర మా బండికి ముందు వెళ్తున్న ట్రాక్టర్లోంచి పచ్చి జొన్నచొప్ప వాసన వచ్చిందంటే నాకు బుజ్జి గుర్తొస్తుంది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. చిల్లకల్లు దగ్గర మా చేలో జొన్న కోస్తుంటే నాన్నకి ఒక పిల్లికూన దొరికింది. చెవుల కొసల్లో నల్లటి వెంట్రుకలు. నేను దానికి బుజ్జి అని పేరు పెట్టి, రోజంతా ఒళ్ళోంచి దించలేదు.

సాయంత్రం అటుగా వెళ్తున్న ఫారెస్టు గార్డు దాన్ని చూసి ఆగాడు. "ఇది ఊరిపిల్లి కాదండి, అడవిపిల్లి. పెంచుకుంటే కేసవుద్ది," అన్నాడు నాన్నతో.

కేసంటే బుజ్జిని జైల్లో వేస్తారనుకున్నా. "అదేం తప్పు చెయ్యలేదండీ, పాలు కూడా అడిగే తాగింది," అని ఏడ్చా.

గార్డు నవ్వలేదు. నా పక్కన కూర్చుని, "కేసు దానిమీద కాదమ్మా, మనమీద. వాళ్ళమ్మ ఇక్కడే వెతుక్కుంటూ ఉంటది. దొరికినచోటే పెడదాం పద," అన్నాడు.

కోసిన మోళ్ళ మధ్య బుజ్జిని దించి, దూరంగా గట్టు వెనక కూర్చున్నాం. అది సన్నగా ఏడుస్తుంటే లేవబోయా. నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

పొద్దు గుంకుతుండగా, కొయ్యని జొన్నలోంచి తల్లి బయటికొచ్చింది. ఒక్క ఆకు కూడా కదల్లేదు. పొడుగాటి కాళ్ళమీద నిలబడి నేరుగా నా కళ్ళలోకి చూసింది. అది కూనని మెడదగ్గర కరుచుకుని చేలోకి వెళ్ళిపోయింది.

సైకిల్ మీద ఇంటికొస్తూ, "మళ్ళీ చూడొచ్చా నాన్నా?" అనడిగా.

"అది కనబడదల్చుకుంటే చూడొచ్చు," అన్నాడు.

పెద్దయ్యాక, గార్డు కేసవుద్దన్న ఆ అడవి జంతువుల చట్టం చదివా. నాన్న చెప్పినంత బాగా లేదు గానీ, చెప్పేది దాదాపు అదే: చూడొచ్చు, పట్టి ఉంచుకోకూడదు.