టీకాలమ్మతో చెప్పిన అబద్ధం

పందొమ్మిది వందల నలభైల మొదట్లో, పదిహేడేళ్ల వయసులో, కొత్త కోడలిగా హైదరాబాదు నాంపల్లికి కాపురానికొచ్చాను. అత్తమ్మంటే నాకు మహా భయం. ఆ ఎండాకాలం ఊళ్లో మశూచి మొదలైంది. ఒకరోజు టీకాలు వేసే నర్సమ్మ మా గల్లీలోకి వచ్చిందని తెలియగానే అత్తమ్మ వణికిపోయింది. టీకా వేయించుకుంటే మశూచి దేవత పోచమ్మ తల్లికి కోపమొస్తుందని ఆమె భయం.

"ఇంట్ల పెద్దోళ్లెవ్వరు లేరని చెప్పు. నువ్వు గూడ చెయ్యి చాపకు" అని, సామాన్ల గదిలో దూరి తలుపేసుకుంది.

నర్సమ్మ పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అత్తమ్మ లేదు. సుల్తాన్ బజార్ పోయింది" అన్నాను తల వంచుకుని.

అంతే, లోపల్నుంచి గట్టిగా ఒక తుమ్ము! వెంటనే వరసగా ఇంకో నాలుగు. ఏడాదికి సరిపడా ఎండుమిర్చి ఆ గదిలోనే పోసి ఉంది మరి, ఘాటు గుమ్మం దాకా కొడుతోంది.

"ఏందమ్మా, మీ ఇంట్ల మిరపకాయలు గూడ తుమ్ముతయా?" అంది నర్సమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. ముక్కూ కళ్లూ ఎర్రబడి అత్తమ్మ బయటికొచ్చింది. నర్సమ్మ కోప్పడలేదు. మంచినీళ్లడిగి తాగి, తన చెల్లెలు మశూచితోనే పోయిందని చెప్పింది. "పోచమ్మకు నేను గూడ బోనం చేస్త పెద్దమ్మా. టీకాలు గూడ ఏస్త. తల్లి నన్నేమనలే" అంది.

అత్తమ్మ కొంగుతో కళ్లూ ముక్కూ తుడుచుకుంది. రవిక చెయ్యి పైకి మడిచింది.

"ముందుగాల నాకెయ్యి. తల్లి కోపం చేస్తె నా మీదనే చెయ్యనీ. ఈ కోడలిపిల్లకు తర్వాత."

ఆ ఏడు మశూచి మా గల్లీకి వచ్చింది కానీ మా గడప తొక్కలేదు. టీకా మచ్చ ఇప్పటికీ నా చేతి మీదుంది. అత్తమ్మంటే భయం మాత్రం ఆ రోజే పోయింది.