పెద్దకార్యానికి పిలిచేరా?

ఫోన్లో రివ్యూలు చూడకుండా నేను ఇడ్లీ కూడా తినను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను, ఎవరి మాటా ఊరికే నమ్మే అలవాటు లేదు. కాకినాడ డాక్టర్లు మావయ్యని ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్న రోజు, ఆసుపత్రి వరండాలో అందరూ ఏడుస్తూంటే నేను ఫోన్ తీసి, "మిగతాది నాకు వదిలెయ్యండి" అన్నాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. కువైట్‌లో ఇరవై ఏళ్ళు కారు డ్రైవరుగా చేసి, రాజోలు పక్కనున్న సొంతూరికి వచ్చి, ఇల్లు కట్టుకుని రెండేళ్ళు కాలేదు. కడుపులో మొదలైన కేన్సరు కాలేయం దాకా పాకింది. ఇక నయమయ్యేది లేదు. కావలసిందల్లా ఇంటికొచ్చి, నొప్పి తగ్గించి, ఆఖరిదాకా మనిషిని మనిషిలా చూసేవాళ్ళు. మా సిటీలో దాన్ని హాస్పిస్ అంటారు. ఇక్కడ అత్తయ్య "ఇంటికొచ్చి చూసేవోళ్ళు" అంది. అలాంటివాళ్ళలో మంచివాళ్ళెవరో తేల్చడం నా పని. ఆఫీసు లాప్‌టాప్ సంచిలో పడేసుకుని వచ్చేశాను.

మావయ్యకి మాత్రం ఇంకో దిగులుంది. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాడు. వారానికి ఏడు ప్రదక్షిణల చొప్పున ఆరు వారాలు పూర్తి చేశాడు. ఏడో వారం వచ్చేలోపే నొప్పి అతన్ని మంచానికి కట్టేసింది.

"నయం చెయ్యమని కాదే అమ్మడూ," అన్నాడు నేను వచ్చిన రోజే. "ఆ ఫైలు ఆయన క్లోజ్ చేసేసేడు. ఏడు వారాలొస్తానని నేను మాటిచ్చేను. ఆరొచ్చి మానేస్తే, కువైట్ నుంచొచ్చినోడు ఎగ్గొట్టేడు అనడూ?"

"మంచం దిగలేకపోతున్నావు. గుడేంటి మావయ్యా?" అని కసిరాను. నాకు ముందు కోపం వస్తుంది, ఆలోచన వెనకాల బస్సుకి వస్తుంది.

నెట్టంతా తిరగేసి ఫోన్లో ఇరవై మూడు ప్రశ్నలు రాసుకున్నాను. నర్సు ఏం చదివింది, డాక్టరు ఎన్నాళ్ళకోసారి వస్తారు, ఆక్సిజన్ ఎంతసేపట్లో తెస్తారు, ఇలాంటివి. అందులో గుడి మాట లేదు.

ఫోన్లో అన్నిటికంటే మెరిసింది అమలాపురంలో కొత్తగా తెరిచిన ఓ సెంటరు. రేటింగు ఐదు చుక్కలకి కొసరంత తక్కువ. కబురు చేస్తే వాళ్ళ కోఆర్డినేటర్ ఇస్త్రీ చొక్కాలో, చేతిలో టాబ్‌తో వచ్చాడు. కుర్చీ నా వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఇరవై మూడు ప్రశ్నలకీ తడుముకోకుండా జవాబు చెప్పాడు. నేను టిక్కులు కొట్టుకుంటూ పోయాను.

మంచం మీంచి మావయ్య, "ఏవండీ, ఓ శనివారం వాడపల్లి తీసుకెళ్తారా అండీ?" అన్నాడు.

అతను నన్ను చూసి నవ్వాడు. "పేషెంట్‌ని బయటికి కదపడం మా పాలసీలో లేదు మేడమ్."

అతను వెళ్ళాక మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. "జబ్బు నీకో నాకో అతనికి తెలిసినట్టు లేదే. వచ్చిన కాణ్ణించీ నిన్నే చూసేడు."

"ఇరవై మూడుకి ఇరవై మూడు వచ్చాయి!"

"ఫస్టు క్లాసే. షోరూములో ఏ బండైనా ఫస్టు క్లాసే. బ్రేకు సంగతి రోడ్డెక్కేకే తెలుస్తాది."

అత్తయ్య నెమ్మదిగా, "సంతకం పెట్టేముందు, ఆళ్ళు చూసిన ఇళ్ళకెళ్ళి ఓ మాట కనుక్కో అమ్మా," అంది.

మర్నాడు అత్తయ్య స్కూటీ వేసుకుని బయల్దేరాను. మొదటి ఇంటాయన వాళ్ళ నాన్నగారు పోయి ఆరు నెలలైందట. కూర్చోబెట్టి, కొబ్బరిబోండం కొట్టించి చేతికిచ్చాడు.

"సెంటరు వాళ్ళు ఎలా చూశారండీ?"

"ఆయ్, బాగా చూసేరండి."

"నొప్పి తగ్గించారా?"

"నొప్పంటే... తగ్గలేదనుకోండి. ఆఖరి వారం అరుస్తానే ఉన్నారండి పాపం."

"ఫోన్ చేస్తే వచ్చారా?"

"రాలేదండి. ఆళ్ళకీ పనులుంటాయి కదండీ."

"మరి బాగా చూశారంటారేంటండీ!" నా గొంతు వీధిలోకి వెళ్ళింది. పక్కింటి అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తున్న ఆవిడ తలెత్తి చూసింది.

ఆయన చిన్నబోయాడు. "ఇంకో బోండం కొట్టించమంటారా అండీ?" అన్నాడు.

తరవాత రెండిళ్ళలోనూ అదే వరస. బాగా చూసేరండి. మజ్జిగ తాగుతారా అండీ. ఇంటికొచ్చి హెల్మెట్ మంచం మీద విసిరికొట్టాను. "ఈ కోనసీమ మొత్తంలో ఒక్కరికైనా నిజం చెప్పడం రాదా?"

"పోయిన మనిషెలాగూ పోయేడు, ఇంకోళ్ళ కూడు చెడగొట్టడం ఎందుకనుకుంటారమ్మా," అంది అత్తయ్య. "రేపు సంతలో ఎదురుపడితే మొహం ఎలా చూసుకుంటారు?"

మావయ్య నవ్వబోయి, కడుపు పట్టుకుని ఆగిపోయాడు. నొప్పి దాటేదాకా అందరం కదలకుండా చూశాం. అప్పుడన్నాడు:

"అడగడం రాలేదే నీకు. ఎలా చూసేరంటే యముడు కూడా బాగానే చూసేడంటారు ఇక్కడ. ఆ నర్సుని పెద్దకార్యానికి పిలిచేరా అని అడుగు."

మనిషి పోయిన పదకొండో రోజు పెట్టే భోజనాలే పెద్దకార్యం. ఊళ్ళో వాళ్ళంతా వచ్చి తింటారు గానీ, ఆఖరి రోజుల్లో పక్కన నిలబడ్డవాళ్ళని మాత్రం గుమ్మందాకా వెళ్ళి పిలిచి, ముందు బంతిలో కూర్చోబెడతారట. నోటితో ఎంత మర్యాదైనా చెయ్యొచ్చు, ముందు బంతిలో విస్తరి మాత్రం ఊరికే వెయ్యరు. ఇది ఏ వెబ్‌సైటులోనూ లేదు.

మళ్ళీ వెళ్ళాను. బోండం ఆయన నన్ను చూసి కాస్త భయపడ్డాడు.

"సెంటరోళ్ళనా అండీ? లేదండీ. పిలవాలని తోచలేదండి." తనే ఆశ్చర్యపోయినట్టు చెప్పి, పక్కింటి అరుగు చూపించాడు. "ఆవిడైతే పిలిచేరండి. ఆళ్ళింటికొచ్చిన నర్సు, కొత్తపేట సిస్టర్ గారిని."

ఈనెలు తీసే ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "పిలవడం కూడానా? మా ఆయన పోయిన మూడోరోజే వచ్చి నా పక్కన కూర్చున్నారు. పెద్దకార్యానికి ముందు బంతిలో కూర్చోండమ్మా అంటే, పప్పు గరిటె తీసుకుని వడ్డనకి దిగిపోయేరు. నెలమాసికానికీ వచ్చేరు, నేను తింటున్నానో లేదో చూట్టానికి."

"ఆయనకి నొప్పి?"

"ఆఖరి రోజు పొద్దున్న టీ అడిగేరండి, పంచదార ఎక్కువేసి." మళ్ళీ కత్తి చేతిలోకి తీసుకుంది.

ఆవిడ చెప్పిన ఇంకో రెండిళ్ళకీ వెళ్ళాను. రెండుచోట్లా సిస్టర్ గారికి విస్తరి పడింది. ఫోన్లో చూస్తే ఆవిడ నడిపే చోటుకి ఒక్క రివ్యూ లేదు. ఉన్న ఒక్క ఫొటోలో రెండు గదుల ఇల్లు, తాళం.

నేను అంత తేలిగ్గా లొంగే రకం కాను. ఇంకో పరీక్ష పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కోనసీమలో ఎవరూ ఫోన్ తియ్యరు, చెయ్యి కూరలో ఉంటుంది. సరిగ్గా అప్పుడు రెండుచోట్లకీ కొట్టాను. సెంటరు వాళ్ళు పాట వినిపించారు, తరవాత రేపు చెయ్యమన్నారు. సిస్టర్ గారు మూడో రింగుకి తీశారు.

"చెప్పమ్మా."

"భోజనం చేస్తున్నట్టున్నారు..."

"చేపముల్లు చూసుకుంటా వింటాను. చెప్పు."

ఇరవై మూడు ప్రశ్నలూ అడిగాను. ఆక్సిజన్ తన దగ్గర లేదన్నారు, ఆయాసం వస్తే అమలాపురం నుంచి తెప్పిస్తానన్నారు. డాక్టరు గారు వారానికి ఒక్కసారే వస్తారు, మధ్యలో ఫోన్లో మాట్లాడతారు. ఒకటి రెండింటికి "నాకు తెలీదమ్మా, కనుక్కుని చెప్తాను" అన్నారు. పదహారు టిక్కులే పడ్డాయి.

"అయ్యాయా? ఇప్పుడు నేనోటి అడగనా?" అన్నారు. "మీ మావయ్య గారికి ఏం కావాలంట?"

ఫోన్ పట్టుకుని కిటికీలోంచి మంచం వైపు చూశాను.

"వాడపల్లి వెళ్ళాలంటున్నాడు. ఏడో శనివారం."

అవతల కంచం జరిపిన చప్పుడు. "ఇవాళ ఆదివారం. ఆరు రోజులుంది. రేపొస్తాను."

ఆవిడ అడిగిందే నా ఫోన్లో లేని ఇరవై నాలుగో ప్రశ్న. సెంటరుకి వద్దని మెసేజ్ పెట్టేశాను.

సోమవారం పొద్దున్నే డాక్టరు గారిని వెంటబెట్టుకుని వచ్చారు. యాభై దాటిన మనిషి, నలిగిన కాటన్ చీర, స్కూటీ మీద దుమ్ము. మంచం పక్కన పీట వేసుకుని మావయ్య మొహానికి ఎదురుగా కూర్చున్నారు. నన్ను అసలు చూడలేదు. నాకు కాస్త ఒళ్ళు మండింది, చాలా సంతోషమూ వేసింది.

"నొప్పి పదికి ఎంతుందండీ?"

"కువైట్ ఎండ పదనుకుంటే, ఇది పన్నెండండి."

డాక్టరు గారు మార్ఫిన్ రాశారు. ఆ పేరు వినగానే అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది అలవాటైపోతాదంటారు కదండీ..."

"నొప్పికిచ్చే మందమ్మా ఇది. డాక్టరు గారు చెప్పిన కొలత దాటం," అన్నారు సిస్టర్. "నొప్పొచ్చేక ఇవ్వడం కాదు. గడియారం చూసి, నొప్పి రాకముందే ఇవ్వాలి. మలబద్ధకం చేస్తాది, దానికీ మాత్రుంది, అదీ మానకూడదు." అప్పుడు నా వైపు తిరిగారు. "నీ చేతిలో ఎప్పుడూ ఉంటాదిగా అది. అలారాలు పెట్టు. అంకె అడిగి రాయి. తేడా వస్తే నాకు ఫోన్ చెయ్యి."

పెట్టాను. నాలుగు గంటలకోసారి నా ఫోన్ మోగేది.

"ఇన్నాళ్ళకి నీ ఫోన్ ఉద్యోగంలో చేరిందే," అన్నాడు మావయ్య.

మంగళవారం తొమ్మిది. బుధవారం మత్తుగా పడుకునే ఉంటే నేను హడలిపోయి ఫోన్ చేశాను. సిస్టర్ గారు గంటలో వచ్చి చూసి, డాక్టరు గారితో మాట్లాడి కొలత కాస్త సవరించారు. గురువారం ఐదు. శుక్రవారం మావయ్య దిండుకి ఆనుకుని కూర్చుని, పనసపొట్టు కూర వాసన వస్తోంది, ఎవరింట్లో అని అడిగాడు. అత్తయ్య పరుగున వెళ్ళి పక్కింటి నుంచి గిన్నె తెచ్చింది. రెండు ముద్దలు తిన్నాడు. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి కాసేపటిదాకా రాలేదు.

శనివారం కారు వెనకసీటు నిండా దిళ్ళు. బయల్దేరే ముందో డోసు, దారికి ఇంకోటి సిస్టర్ గారి సంచిలో. మావయ్య డ్రైవరుకి గుంతగుంతకీ పాఠం చెబుతూనే ఉన్నాడు. రావులపాలెం దాటాక ఆ అబ్బాయి, "మీరే తోలండి బాబూ," అన్నాడు.

వాడపల్లిలో శనివారం జనం సంగతి తెలిసిందే. చక్రాల కుర్చీ నేను తోస్తున్నాను. "జరగండి! పేషెంటు! జరగండీ!" అని అరిచాను. ఎవరూ జరగలేదు.

"అరవకే. 'కాస్త దారిస్తారా అండీ' అను," అన్నాడు మావయ్య.

అన్నాను. నిజంగానే జనం విడిపోయారు. ఒకాయన ముందు నడుస్తూ, "ఆయ్, కుర్చీ వస్తందండి, కుర్చీ," అని దారి చేశాడు.

ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి మావయ్య మాటలు తగ్గాయి. ఐదోది పూర్తయ్యేసరికి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సిస్టర్ గారు కుర్చీ నీడకి తిప్పించి, ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"ఎంతండీ?"

"ఏడు."

దారికోసం తెచ్చిన డోసు ఇచ్చారు. "ఆపుదామంటే ఆపుదాం. చేద్దామంటే చేద్దాం. మీ ఇష్టం."

అత్తయ్య ఇంటికెళ్ళిపోదామంది. నాకూ అదే అనాలనిపించింది, నోరు మూసుకున్నాను. చాలాసేపు కూర్చున్నాం. జనం మా చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. మావయ్య కళ్ళు తెరిచి, "నాలుగు," అన్నాడు. తరవాత, "తొయ్యవే, ఇంకా రెండున్నాయి," అన్నాడు.

ఏడో చుట్టు ఆఖరి మలుపులో కుర్చీ ఆపమన్నాడు. ఒక చెయ్యి అత్తయ్య భుజం మీద, ఒకటి నా భుజం మీద వేసి లేచాడు. సిస్టర్ గారు వెనక నడుము దగ్గర చెయ్యి ఆనించి నిలబడ్డారు. పదకొండు అడుగులు నడిచాడు. అత్తయ్య తొమ్మిదే అంటుంది. ఇప్పటికీ మా ఇద్దరికీ దానిమీద గొడవే, నేను మాత్రం ఒక్క అడుగు కూడా తగ్గించను.

ఎదురుగా చూసి రెండు చేతులూ ఎత్తాడు. "వచ్చేనండోయ్! ఏడూ అయిపోయేయి!" చుట్టుపక్కలవాళ్ళు గోవిందా అన్నారు. అందరికంటే గట్టిగా నేనే అరిచాను. ఈసారి మావయ్య అరవకే అనలేదు.

తరవాత ఐదు శనివారాలు ఉన్నాడు. అంకె మూడు దాటితే సిస్టర్ గారు వచ్చేవారు. ఓ రోజు నన్ను పిలిచి, "ఫోన్ తియ్యి. నా పెద్దకార్యానికి లిస్టు రాసుకో. ముందు సిస్టర్ గారు. గరిటె మాత్రం ఇవ్వకండి, కూర్చోబెట్టండి," అన్నాడు. ఓ మధ్యాహ్నం, అత్తయ్య చేతిలో చెయ్యి ఉండగా, అంకె రెండు దగ్గర వెళ్ళిపోయాడు.

పదకొండో రోజు సిస్టర్ గారు రాగానే గరిటె వైపు చెయ్యి చాపారు. నేను లాగేసుకున్నాను. ముందు బంతిలో కూర్చోబెట్టి, పనసపొట్టు కూర నేనే వడ్డించాను.

మొన్న ఐ.పోలవరం నుంచి ఎవరో ఫోన్ చేశారు, వాళ్ళ అమ్మగారికి బాగోలేదట. నా నంబరు ఎవరిచ్చారో తెలీదు. "కొత్తపేట సిస్టర్ గారు ఎలా చూస్తారండీ?" అని అడిగింది ఓ అమ్మాయి, నా అంత కోపంగానే.

"మేం ముందు బంతిలో కూర్చోబెట్టామండి," అన్నాను.

అటువైపు పెన్ను వెతుకుతున్న చప్పుడు.

"ఆయ్. నంబరు చెప్పండి," అంది.