పిట్టంత పాప

నాకు నోరెక్కువ. మా ఇంట్ల అందరు అదే అంటరు. అసొంటిదాన్ని తెచ్చి పసిపిల్లల బరువు చూసే పనిల పెట్టిండ్రు. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలను ఒంటికి ఒళ్లు తగిలేటట్టు ఎదకు కట్టుకుంటే, ఇంటికాడ గూడ మంచిగ బరువు పెరుగుతరా అని మా పరిశోధన. బరువు చూసే మిషిన్‌ను స్కూటీ ముందట పెట్టుకొని వరంగల్ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు ఊర్లు తిరుగుతుంటి.

ఒకింట్ల పాప మరీ గింతంత ఉండె. కాన్పుకని పుట్టింటికొచ్చిన తల్లికి జరం తగ్గుతలేదు. అందుకే నానీ, అంటే పాప అమ్మమ్మ, తన ఎదకు కట్టుకున్నది. "నా బిడ్డలనే గిట్ల మోయలేదు బేటీ!" అని మురిసేది. కానీ ఒకటే షరతు, అంకె పైకి చదవొద్దు. దిష్టి తగులుతదట. పక్కింటోళ్లు అడిగితే మాత్రం, "మాషాల్లా, బొద్దుగున్నది" అని గట్టిగ చెప్పేది.

నాకు ఒళ్లు మండేది. ఎక్కడి బొద్దు? ఈసారన్న పెరగకపోతే మళ్ల పెద్ద దవాఖానల, అద్దాల పెట్టెల పెట్టుడే అన్నది మా డాక్టర్ మేడం. ఆ మాట ఇన్నకాడికెళ్లి తల్లికి అన్నం దిగుతలేదు.

ఆ పొద్దు తాయెత్తు తీసి, బట్టలిప్పి, పాపను మిషిను మీద పండవెట్టిన. అంకె ఆగింది. నమ్మలేక మళ్ల చూసిన.

"అమ్మో! రెం..." అన్ననో లేదో, నానీ ఉల్లిగడ్డ వాసన చెయ్యి నా నోటికి అడ్డం పడ్డది. తల్లికి వేలుతోని అంకె చూపెట్టిన. ఆమె ఏడ్సుకుంటనే నవ్వింది. నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఏం సంబురమో చెప్పలేను.

నానీ పాపను మళ్ల ఎదకు కట్టుకుంటుంటే, గోడవతల నుంచి పక్కింటామె కేకేసింది. "పాపెట్లున్నదక్కా?"

నానీ మొఖం వేలాడేసింది. "ఏముందే, పిట్టంత ఉన్నది. ఎన్నడు పెరుగుతదో ఏమో!"

"అబ్బ! అయితే మంచిగ పెరిగిందన్నట్టు!" అని ఆమె పకపక నవ్వింది.

అప్పుడు ఎలిగింది నాకు. బక్కగున్నన్ని రోజులు బొద్దు, బొద్దుగైతే పిట్ట!

ఇంతల మేడం ఫోన్. "బరువెంత?" నానీ చూపు నా నోటి మీదనే ఉన్నది. నాకు తెల్వకుండనే అనేసిన.

"ఏముంది మేడం, పిట్టంతనే ఉన్నది."

"అయ్యో! అంబులెన్స్ పంపనా?"

నానీ కడుపుబ్బ నవ్వుతాంటే, ఆమె ఎద మీద పాప ఎగిరెగిరి పడుతాంది.